టికెట్టు సున్నా... బస్సెప్పుడన్నా?

మనిషిని, కార్డును, బస్సు బోర్డును చూసే రాయితీ
ఊరి దూరాన్ని మాత్రం లెక్కలోకి తీసుకోని నిబంధన
మన్యం మండలాల్లో సగమే అందుతున్న ఫలం

గంగారం (మహబూబాబాద్ జిల్లా): గంగారంలో ఒక కుటుంబం మహబూబాబాద్‌లోని ప్రభుత్వ ఆసుపత్రికి బయలుదేరిందనుకుందాం. తాతకు డెబ్బై ఏళ్లు. కొడుకుకు పొలంలో పడి కాలు దెబ్బతిని వైకల్యం ఏర్పడింది. కోడలు, ఇంటర్ చదివే మనవడు, పదేళ్ల మనవరాలు వెంట ఉన్నారు. అయిదుగురూ ఒకే పల్లె వెలుగు బస్సు ఎక్కారు, పక్కపక్కనే కూర్చున్నారు, దిగేదీ ఒకేచోట. కోడలికి, మనవరాలికి కండక్టరు సున్నా టికెట్టు కొడతాడు. కొడుకు దగ్గర ఆర్టీసీ ఇచ్చిన దివ్యాంగుల పాసు ఉంటే సగం ఛార్జీ, లేకుంటే పూర్తి ఛార్జీ. మనవడికి విద్యార్థి పాసు ఉన్నా అది ఇంటికి, కళాశాలకు మధ్య తిరిగేందుకే గనుక ఆసుపత్రి దారిలో చెల్లదు. అతనిది నిండు టికెట్టు. ఇక తాత. ఇంట్లో అందరికన్నా పెద్దవాడు, సంపాదన లేనివాడు, వైద్యం కావలసినవాడు కూడా ఆయనే. ఆయనదీ నిండు టికెట్టే.

ఒక్క ఇంట్లో ఇన్ని నిబంధనలా అని ఆశ్చర్యపోనక్కర లేదు. ఆర్టీసీ రాయితీలు ఏనాడూ ఒక్క చేత్తో రాసినవి కావు. 1932లో నిజాం రాష్ట్ర రైల్వేలో భాగంగా 27 బస్సులు, 166 మంది సిబ్బందితో మొదలైన రవాణా వ్యవస్థ 1958 జనవరి 11న ఏపీఎస్ ఆర్టీసీగా రూపుదిద్దుకుంది. రాష్ట్ర విభజన అనంతరం టీఎస్ ఆర్టీసీగా వేరుపడి, 2024లో టీజీఎస్ ఆర్టీసీగా పేరు మార్చుకుంది. ఈ ప్రయాణంలో వచ్చిన ప్రతి ప్రభుత్వమూ తనకు తోచిన వర్గానికి తోచినంత రాయితీ చేర్చుకుంటూ పోయింది. వనిత కార్డు, క్యాట్ కార్డు వంటి పేర్లతో 10 శాతం రాయితీ ఇచ్చిన రోజులను పాతతరం ప్రయాణికులు ఇంకా మరచిపోలేదు. విద్యార్థులకు, దివ్యాంగులకు, అక్రెడిటేషన్ ఉన్న పాత్రికేయులకు వేర్వేరు పాసులు వచ్చాయి. ఒకదాన్ని మరొకదానితో సరిచూసిన దాఖలా మాత్రం కనిపించదు.

మూడు పరీక్షలు

వీటన్నింటిలో పెద్దది మహాలక్ష్మి. 2023 డిసెంబరు 9న ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి శాసనసభ ప్రాంగణంలో ప్రారంభించిన ఈ పథకం కింద బాలికలు, మహిళలు, ట్రాన్స్‌జెండర్లు రాష్ట్ర సరిహద్దుల లోపల ఎంత దూరమైనా ఉచితంగా ప్రయాణించవచ్చు. వయసుతో గాని, ఆదాయంతో గాని, తెల్లకార్డుతో గాని నిమిత్తం లేదు. ఈ విషయంలో నిబంధన ఎంతో సరళం. అర్హులను ఏరే పని పెట్టుకోకపోవడం వల్లనే ఇది మొదటి రోజు నుంచే అమలు కాగలిగింది. దరఖాస్తులు, విచారణలు, జాబితాలు ఉండి ఉంటే మన్యం గూడేలకు చేరేసరికి ఏళ్లు గడిచేవి.

అయినా దీనిలోనూ మూడు పరీక్షలు ఉన్నాయి. మొదటిది మనిషి ఎవరన్నది. రెండోది చేతిలో ఉన్న కార్డు. తెలంగాణ చిరునామా ఉన్న అసలు గుర్తింపు కార్డు చూపాలి. నకలు ప్రతులు, సెల్‌ఫోన్‌లోని ఫొటోలు చెల్లవని పథకం ప్రారంభమైన కొత్తలోనే సంస్థ యాజమాన్యం స్పష్టం చేసింది. పాన్ కార్డుపై చిరునామా ఉండదు కాబట్టి అదీ పనికిరాదు. కార్డు చూపినా సున్నా టికెట్టు తీసుకోకుండా కూర్చుంటే 500 రూపాయల జరిమానా. ఉచితమైనప్పుడు టికెట్టు ఎందుకని విసుక్కునే వారికి తెలియని సంగతి ఒకటుంది. ఆ టికెట్టు లెక్క ప్రకారమే ప్రభుత్వం ఆర్టీసీకి సొమ్ము చెల్లిస్తుంది. చీటీ చిరగకపోతే సంస్థకు రూపాయి రాదు.

మూడో పరీక్ష బస్సు బోర్డు. జిల్లాల్లో పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్. హైదరాబాద్‌లో సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్. ఇవి మాత్రమే ఉచితం. డీలక్స్, సూపర్ లగ్జరీ వంటి వాటిలో మహిళలూ ఛార్జీ చెల్లించాల్సిందే. గంగారం వంటి చోట అసలు చిక్కు ఈ మూడో పరీక్షతోనే మొదలవుతుంది.

జనగామ వేరు.. గంగారం వేరు

హైదరాబాద్ - హన్మకొండ జాతీయ రహదారిపై ఉన్న జనగామలో నిలుచున్న మహిళకు పరీక్ష తేలిక. ఒక బస్సులో చోటు లేకుంటే మరొకటి, పల్లె వెలుగు కాకుంటే ఎక్స్‌ప్రెస్. సొంత డిపో ఉంది, రైలూ ఉంది. అదే చట్టం, అదే సున్నా టికెట్టు గంగారానికి వచ్చేసరికి బరువు కోల్పోతోంది.

2016 అక్టోబరు 11న జిల్లాల పునర్విభజనలో కొత్తగూడ నుంచి విడివడి గంగారం మండలమైంది. వరంగల్ జిల్లా నుంచి మహబూబాబాద్ జిల్లాలో చేరింది. కాగితంపై పాలన దగ్గరైంది. దారులు మాత్రం నాలుగు దిక్కులకూ చీలాయి. కలెక్టరు ఉండేది మహబూబాబాద్‌లో. గిరిజనుల పనులు చూసే ఐటీడీఏ ఏటూరునాగారంలో, అంటే ములుగు జిల్లాలో. శాసనసభ నియోజకవర్గం ములుగు. పాఖాల అడవి దాటి బేరసారాలకు, చదువులకు వెళ్లే నర్సంపేట వరంగల్ జిల్లాలోకి వస్తుంది. భూమి కాగితం ఒక దిక్కున, కుల ధ్రువపత్రం ఒక దిక్కున, రుణం మరో దిక్కున. ఒక్కో పనికి ఒక్కో దారి పట్టవలసిన మండలానికి బస్సు అందరికన్నా ఎక్కువ అవసరం. కానీ బస్సులు జనం ఎక్కువున్న దారినే వెతుక్కుంటాయి. కోయ గూడేలు ప్రధాన రహదారికి దూరంగా, అడవి లోపల ఉన్నాయి. రోడ్డు మీదికి వచ్చేదాకా నడక, లేదంటే ఆటో. ఆ ఆటోకు సున్నా టికెట్టు లేదు.

ఇక్కడే లెక్క తలకిందులవుతోంది. బస్సు ఉన్న భాగం ఉచితం, బస్సు లేని భాగానికి డబ్బు. ఎంత లోపలి గూడెమైతే అంత ఎక్కువ డబ్బు. పట్టణానికి ఆనుకుని ఉన్న ఊరి మహిళకు ప్రయాణం మొత్తం ఉచితమైతే, అడవి అంచు మహిళకు సగమే ఉచితం. రాయితీ అవసరం ఎవరికి ఎక్కువో వారికే తక్కువ అందడం విడ్డూరమే.

పల్లెల్లో ‘నైట్ హాల్ట్’ బస్సు అంటే తెలియనివారు ఉండరు. రాత్రి చివరి ట్రిప్పుగా ఊరికి వచ్చి, సిబ్బంది అక్కడే పడుకుని, తెల్లవారుజామున మొదటి ట్రిప్పుగా బయలుదేరే బస్సు. ఆసుపత్రి ఓపీ చీటీ దొరకాలన్నా, కార్యాలయంలో అధికారిని పట్టుకోవాలన్నా ఆ బస్సే ఆధారం. అది రద్దయిన ఊరికి తరువాతి బస్సు వచ్చేది పొద్దెక్కిన తరువాతే. అప్పటికి ఓపీ ముగుస్తుంది. ఛార్జీ మిగిలినా పని మిగిలిపోతుంది, మరునాడు మళ్లీ ప్రయాణం.

ఎక్స్‌ప్రెస్‌ల సంగతీ చెప్పుకోవాలి. పథకం మొదలైన కొద్ది రోజులకే తక్కువ దూరం వెళ్లే మహిళలు పల్లె వెలుగు ఎక్కాలని, ఎక్స్‌ప్రెస్‌లను అనుమతించిన స్టేజీల్లోనే ఆపుతామని యాజమాన్యం ప్రకటించింది. దూర ప్రయాణికుల ఇబ్బంది దృష్ట్యా ఆ మాట సబబే. పల్లె వెలుగు పుష్కలంగా తిరిగే దారిలో దానివల్ల నష్టమూ లేదు. రోజులో రెండు మూడు బస్సులే కనిపించే దారిలో ఎక్స్‌ప్రెస్ ఆగకపోతే మిగిలేది ఎండలో నిరీక్షణే.

చెల్లింపు టికెట్టుకు.. ఖర్చు కిలోమీటరుకు

ఈ పరిస్థితికి ఏ డిపో మేనేజరునో నిందించి లాభం లేదు. లోపం లెక్క కట్టే పద్ధతిలో ఉంది. బస్సు నడిపితే ఖర్చు కిలోమీటరు చొప్పున అవుతుంది. డీజిల్, టైర్లు, సిబ్బంది వేతనం అన్నీ దూరం మీదే ఆధారపడతాయి. ప్రభుత్వం చెల్లించేది మాత్రం టికెట్టు చొప్పున. నిండుగా వెళ్లే బస్సులో సున్నా టికెట్లు ఎక్కువ, సంస్థకు వచ్చే సొమ్మూ ఎక్కువ. అడవి దారిలో వెళ్లేటప్పుడు నిండి, వచ్చేటప్పుడు ఖాళీగా తిరిగే బస్సుకు టికెట్లు తక్కువ, ఖర్చు అంతే. డిపోల పనితీరును కొలిచేది కిలోమీటరుకు వచ్చే ఆదాయంతో, ఆర్టీసీ సిబ్బంది భాషలో ‘ఈపీకే’. ఈపీకే తక్కువున్న ట్రిప్పుపై మొదట వేటు పడుతుంది. ఆ ట్రిప్పు రద్దయితే ప్రభుత్వానికి చెల్లింపు తగ్గుతుంది, సంస్థకు నష్టం తగ్గుతుంది. ఇద్దరికీ లాభమే. రోడ్డు మీద నిలబడ్డ ప్రయాణికుడి నష్టం ఎవరి పద్దులోనూ కనబడదు.

2025 జులై 23న ప్రభుత్వం 200 కోట్ల సున్నా టికెట్ల సంబరం జరిపింది. వాటి విలువ 6,680 కోట్ల రూపాయలని వెల్లడించింది. భాగిస్తే ఒక్కో టికెట్టు సగటున 33 రూపాయలు. మహిళల చేతిలో మిగిలిన ఈ సొమ్ము చిన్నదేమీ కాదు. కూలికి వెళ్లే తల్లికి రానుపోను 60, 70 రూపాయలు మిగిలితే అది ఆ రోజు కూరగాయల ఖర్చు. పుట్టింటికి, ఆసుపత్రికి, బిడ్డ చదివే వసతిగృహానికి వెళ్లిరావడానికి ఎవరినీ డబ్బు అడగనక్కర లేని స్వేచ్ఛను రూపాయల్లో కొలవలేం. పథకాన్ని ఎద్దేవా చేసేవారు ఈ మార్పును చూడటం లేదు. 200 కోట్ల టికెట్లను కొలిచిన యంత్రాంగం, టికెట్టు తెగని దారులనూ కొలిచి ఉంటే చిత్రం పూర్తయ్యేది.

ఆటో డ్రైవర్ల ఉపాధి దెబ్బతిన్నదన్న ఆందోళన 2023 డిసెంబరు నుంచే రాష్ట్రమంతటా సాగింది. మన్యంలో దాని రూపం కొంత వేరు. బస్సుకు పోటీగా తిరిగే ఆటోకు గిరాకీ పడిపోయింది. బస్సు రాని దారిలో ఆటోనే దిక్కు. మిగిలిన ఆ కొద్ది దారి మీదే బతుకు వెళ్లదీసుకోవాలి గనుక అక్కడ ఛార్జీ తగ్గదు.

తాత టికెట్టు

మళ్లీ తాత దగ్గరికి వద్దాం. 52 రోజుల సమ్మె ముగిశాక 2019 డిసెంబరులో తెలంగాణలో ఆర్టీసీ ఛార్జీలు కిలోమీటరుకు 20 పైసలు పెరిగాయి. పల్లె వెలుగు 63 నుంచి 83 పైసలకు, ఎక్స్‌ప్రెస్ 87 పైసల నుంచి 1.07 రూపాయలకు చేరాయి. 2022 మార్చిలో చిల్లర సమస్య పేరిట ఛార్జీల సర్దుబాటు, భద్రతా సెస్సు వచ్చాయి. ఏప్రిల్‌లో పల్లె వెలుగుకు 2, ఎక్స్‌ప్రెస్‌కు 5 రూపాయల డీజిల్ సెస్సు పడింది. జూన్‌లో దాన్ని దూరాన్ని బట్టి మళ్లీ పెంచారు. సెస్సులన్నీ పక్కనపెట్టి, 2019 నాటి రేటు ప్రకారమే 50 కిలోమీటర్ల ప్రయాణానికి 41.50 రూపాయలు. రానుపోను 83. వృద్ధాప్య పింఛను 2,016 రూపాయలుగా ఉన్న ఇంట్లో నెలకు రెండుసార్లు ఆసుపత్రికి వెళితే 166 రూపాయలు బస్సుకే. దూరం పెరిగే కొద్దీ ఛార్జీ పెరుగుతుంది గాని పింఛను పెరగదు.

పొరుగున ఆంధ్రప్రదేశ్‌లో 60 ఏళ్లు దాటినవారికి ఆర్టీసీ ఛార్జీలో 25 శాతం రాయితీ ఉంది. 2025 ఆగస్టు 15న అక్కడ స్త్రీశక్తి పేరిట మహిళలకు ఉచిత ప్రయాణం ప్రారంభించడంతో ఆ రాయితీ ఇప్పుడు ప్రధానంగా వృద్ధ పురుషులకు అక్కరకొస్తోంది. తెలంగాణలో పల్లె వెలుగు ఎక్కే వృద్ధునికి అటువంటి శాశ్వత రాయితీ లేదు. 2023 జూన్‌లో మహిళలకు, 60 ఏళ్లు దాటినవారికి టీ9-60 పేరిట 100 రూపాయల టికెట్టు ప్రవేశపెట్టారు. 60 కిలోమీటర్ల పరిధిలో పగటిపూట పల్లె వెలుగులో వెళ్లిరావచ్చు. ఆలోచన మంచిదే. ఆరు నెలలు తిరక్కుండానే మహాలక్ష్మి వచ్చింది. మహిళలకు ఆ టికెట్టుతో పనిలేకుండా పోయింది, దానితోపాటు వృద్ధుల ఊసూ మరుగున పడింది. ఈ వార్తలు రాసే అక్రెడిటేషన్ విలేకరికి ఉన్న రాయితీ, పింఛను మీద బతికే ముసలాయనకు లేకపోవడం ఏ తూకంతో చూసినా సరితూగదు.

మనవడి చదువు మరో ముడి. పల్లెల్లో బాలికలకు పదో తరగతి వరకు, బాలురకు 12 ఏళ్ల వరకు ఉచిత పాసు ఇవ్వాలన్నది ఉమ్మడి రాష్ట్రం నాటి నిబంధన. మహాలక్ష్మితో అక్కకు పాసు అవసరమే తీరింది. తమ్ముడికి 12 దాటగానే రుసుము మొదలవుతుంది. ఆ పైన విద్యార్థి పాసు ధర దూరపు శ్లాబుల్లో పెరుగుతూ పోతుంది. ఒక పరిమితి దాటిన దూరానికి పాసే ఉండదు. 35 కిలోమీటర్ల ఆ పరిమితి ఉమ్మడి రాష్ట్రంలో గీసిన గీత. మైదాన మండలాల్లో 35 కిలోమీటర్ల లోపు కళాశాల లేని ఊరు అరుదు. మన్యంలో ఉన్నది అరుదు. 2025 జూన్‌లో పాసుల ధరలు పెంచినప్పుడు నగర విద్యార్థుల నిరసనలే ప్రధాన వార్తలయ్యాయి. పాసుకే నోచుకోని వారి మాట ఎక్కడా వినిపించలేదు.

కార్డు లేనివారి గతి

చిరునామా పరీక్షలో ఓడిపోయే వర్గం ఒకటి ఈ అడవుల్లోనే ఉంది. ఛత్తీస్‌గఢ్ నుంచి వలస వచ్చి ములుగు, భూపాలపల్లి, భద్రాద్రి కొత్తగూడెం జిల్లాల అడవుల్లో గుడిసెలు వేసుకున్న గొత్తికోయలలో తెలంగాణ చిరునామాతో కార్డు లేని మహిళకు సున్నా టికెట్టు రాదు. మిర్చి ఏరడానికి వెళ్లే బస్సులో పక్క సీటు మహిళ ఉచితంగా, ఆమె డబ్బిచ్చి ప్రయాణిస్తారు. చేలో ఇద్దరి పనీ ఒక్కటే.

సరిహద్దు నిబంధన భూపాలపల్లి జిల్లాలో మరోలా కనబడుతుంది. కాళేశ్వరం వద్ద గోదావరిపై వంతెన దాటితే మహారాష్ట్రలోని సిరొంచ తాలూకా. నదికి ఇరుపక్కలా తెలుగు మాట్లాడేవారు, వియ్యమందుకునేవారు ఉన్నారు. పల్లె వెలుగైనా, ఎక్స్‌ప్రెస్ అయినా ఉచితం సరిహద్దు వరకే. వంతెన అవతలి దూరానికి ఛార్జీ చెల్లించాలి. పెళ్లయి అటు వెళ్లిన ఆడపడుచు కార్డుపై చిరునామా మారిందా, పుట్టింటికి వచ్చే దారి మొత్తానికీ టికెట్టే.

నివాసాన్ని బట్టి ఉచితం ఇవ్వడం ఇక్కడి విచిత్రమేమీ కాదు. ఎస్తోనియా రాజధాని టాలిన్ 2013లో ఉచిత ప్రయాణం ప్రవేశపెట్టినప్పుడు నగరంలో పేరు నమోదైన వారికే వర్తింపజేసింది. లక్సెంబర్గ్ 2020లో కార్డు ప్రశ్నే లేకుండా దేశమంతటా అందరికీ ఉచితం చేసింది. అంత చిన్న, అంత సంపన్న దేశంతో పోలిక పెట్టలేం గాని, కార్డు అడగడం తప్పనిసరి కాదని మాత్రం అది చూపుతోంది.

జాతర నాటి బస్సు

గంగారం మండలంలోని పూనుగొండ్ల సమ్మక్క భర్త పగిడిద్దరాజు కొలువైన ఊరు. రెండేళ్లకోసారి మేడారం జాతరకు పూజారులు ఆయనను ఇక్కడి నుంచే కాలినడకన అడవి దారిలో తోడ్కొని వెళతారు. 2024 ఫిబ్రవరి 21 నుంచి 24 వరకు జరిగిన జాతరకు ఆర్టీసీ వేలాది ప్రత్యేక బస్సులు నడిపి, మహిళలకు మహాలక్ష్మిని వర్తింపజేసింది. ప్రత్యేక బస్సులు ఒకవైపు ఖాళీగా తిరగాల్సి వస్తుంది కాబట్టి డీజిల్ ఖర్చు కోసం సాధారణ ఛార్జీకి ఒకటిన్నర రెట్లు వరకు వసూలు చేసుకునేందుకు 2003 నాటి జీవో 16 సంస్థకు వీలు కల్పిస్తోంది.

ఈ జీవోలో గమనించదగ్గ అంశం ఉంది. ఖాళీ ట్రిప్పుకు ఖర్చవుతుందని, దాన్ని ఎవరో ఒకరు భరించాలని ప్రభుత్వం ఇరవై ఏళ్ల కిందటే లిఖితపూర్వకంగా అంగీకరించింది. పండుగలకు ఒప్పుకున్న ఆ వాదనను మన్యం దారులకు ఏడాది పొడవునా వర్తింపజేయడానికి అడ్డేమిటి? భారం ప్రయాణికుడిపై వేయకుండా, గిరిజన మండలాల్లో నడిపే ట్రిప్పులకు టికెట్టు లెక్కన కాక కిలోమీటరు లెక్కన ఆర్టీసీకి చెల్లిస్తే ఈపీకే చూసి బస్సు ఆపవలసిన అగత్యం డిపోకు ఉండదు. మోటారు వాహనాల చట్టం 67వ సెక్షను ప్రకారం ఛార్జీలపై ఆదేశాలిచ్చే అధికారం రాష్ట్ర ప్రభుత్వానిదే. మహాలక్ష్మి వచ్చిందీ ఒక ప్రభుత్వ నిర్ణయంతోనే, కొత్త చట్టంతో కాదు. వృద్ధ పురుషులకు పాతిక శాతం రాయితీకైనా, విద్యార్థి పాసు దూరం పెంపునకైనా అదే దారి చాలు.

బస్సుల కొరత నిజమే. ఏటూరునాగారంలో కొత్త డిపోకు ప్రభుత్వం ఆమోదం తెలిపింది. 2025 మార్చి 8న మహిళా సమాఖ్యలు కొనుగోలు చేసిన బస్సులను ఆర్టీసీకి అద్దెకిచ్చే పథకం మొదలైంది. ఒక్కో బస్సు ధర 36 లక్షల రూపాయలు. మండల సమాఖ్యల సొంత బస్సులు వారి మండలాల్లోనే తిరగాలన్న షరతు అద్దె ఒప్పందంలో చేరిస్తే, ఏ గూడెం దాకా బస్సు వెళ్లాలో చెప్పే అవకాశం అక్కడి మహిళలకే దక్కుతుంది. గంగారం, కొత్తగూడ దారులకు నర్సంపేట, మహబూబాబాద్ డిపోలలో దేని బాధ్యత ఎంతో, ఏటూరునాగారం డిపో వచ్చాక ఏ ట్రిప్పు ఎటు చేరుతుందో ముందుగానే తేల్చవలసి ఉంది. డిపోల హద్దులు మారినప్పుడల్లా చివరి ఊరి బస్సు ఎవరిదీ కాకుండా పోవడం ఈ ప్రాంతానికి కొత్త కాదు.